రేడియోకి వాతావరణ సూచన రాయడం: ఏప్రిల్ ఎండల నుంచి డిసెంబరు తుపాను దాకా నా అనుభవం

కోస్తాలోని ఒక ప్రసార కేంద్రంలో, ప్రాంతీయ వార్తల విభాగంలో, 2023 ఏప్రిల్ నుంచి ఆ ఏడాది చివరిదాకా క్యాజువల్‌గా, అంటే డ్యూటీల లెక్కన, వాతావరణ సూచన స్క్రిప్టు రాశాను. వార్తల తర్వాత వచ్చే ఆ నిమిషంన్నర ముక్కే. ఈ పనికి కొత్తగా వెళ్లేవాళ్లకు లోపల ఏం జరుగుతుందో తెలియాలని రాస్తున్నాను.

జనవరిలో ప్రకటన పడింది. ఫిబ్రవరిలో రాతపరీక్ష, మార్చి నెలాఖరుకు పిలుపు. ఈ మధ్యలో ఫోన్ చేస్తే "ఇంకా పైనుంచి రాలేదండీ" అన్న మాట తప్ప ఇంకేమీ దొరకదు. పరీక్షలో మామూలు వార్తల అనువాదంతోపాటు ఒక పేజీ వాతావరణ బులెటిన్ ఇచ్చి, నిమిషంలో చదవగలిగేలా రాయమంటారు. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. "పశ్చిమ మధ్య బంగాళాఖాతంలో సగటు సముద్ర మట్టానికి 5.8 కిలోమీటర్ల ఎత్తు వరకు విస్తరించిన ఉపరితల ఆవర్తనం, ఎత్తుకు వెళ్లేకొద్దీ నైరుతి దిశగా వంగి..." అని మొదలుపెట్టి, వర్షం ఏ జిల్లాలో పడుతుందో చెప్పకముందే నిమిషం దాటేస్తారు. పరీక్ష దిద్దేవాళ్లు చూసేది భాష కాదు, ఏం తీసేశారన్నది. బులెటిన్‌లో ఇచ్చే 1.5, 3.1, 5.8 కిలోమీటర్ల ఎత్తులు నిపుణులకు అవసరం. వినేవాళ్లకు "బంగాళాఖాతంలో ఉపరితల ఆవర్తనం కొనసాగుతోంది" అంటే చాలు. వానలు రెండు రోజుల్లో తగ్గుతున్నాయంటే ఆ మాట కూడా అక్కర్లేదు.

రోజు పని ఇలా ఉంటుంది. రాష్ట్రానికి సంబంధించిన సూచన అమరావతి వాతావరణ కేంద్రం నుంచి మధ్యాహ్నానికి వస్తుంది. తుపాను, ఓడరేవు, మత్స్యకారుల హెచ్చరికలు విశాఖపట్నం తుపాను హెచ్చరికల కేంద్రం నుంచి వస్తాయి. ఎండ, పిడుగులకు సంబంధించి మండలాల జాబితాలు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఇస్తుంది. ఇవి మూడూ ఒకే సమయానికి రావు. ఒకదానికొకటి పూర్తిగా సరిపోవు కూడా. కాబట్టి డ్యూటీకి వెళ్లగానే ముందు చూడాల్సింది ఏ కాగితం ఎన్ని గంటలకు వెలువడింది, ఎప్పటివరకు చెల్లుతుంది అన్నది. విషయం ఆ తర్వాతే.

ఈ చెల్లుబాటు గడువే నన్ను మొదటి వారంలో బాగా ఆశ్చర్యపరిచింది. వాతావరణ శాఖ రోజు అర్ధరాత్రికి మారదు, ఉదయం 8:30కి మారుతుంది. బులెటిన్‌లో "మొదటి రోజు" అంటే రేపు ఉదయం 8:30 వరకు. "రెండో రోజు" అంటే రేపు 8:30 నుంచి ఎల్లుండి 8:30 వరకు. ఎల్లుండి తెల్లవారుజామున పడే వాన లెక్కప్రకారం రెండో రోజులోకే వస్తుంది. దాన్ని "రేపు" అని రాసేస్తే వినేవాళ్లు రేపు సాయంత్రానికి గొడుగు మడిచేస్తారు. దీనికితోడు సాయంత్రం రాసిన ముక్కను రాత్రి వార్తల బులెటిన్‌లోనూ, ఒక్కోసారి మర్నాడు పొద్దున్నా మళ్లీ చదువుతారు. అప్పుడు "రేపు" కాస్తా "ఈరోజు" అయిపోతుంది. అందుకని మా ఎడిటర్ గారు రేపు, ఎల్లుండి అన్న మాటలనే నిషేధించారు. "బుధవారం ఉదయం ఎనిమిదిన్నర వరకు" అని రాస్తే ఎప్పుడు చదివినా తప్పు రాదు.

తర్వాత ముట్టుకోకూడని మాటలు. బులెటిన్‌లో కనిపించే "ఒకటి రెండు చోట్ల", "కొన్ని చోట్ల", "అనేక చోట్ల", "చాలా చోట్ల" అన్నవి వాటం కోసం వాడినవి కావు, కొలతలు. ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతు లేదా అంతకంటే తక్కువ చోట్ల వాన పడేలా ఉంటే ఒకటి రెండు చోట్ల. 26 నుంచి 50 శాతమైతే కొన్ని చోట్ల. 51 నుంచి 75 అయితే అనేక చోట్ల. ఆపైన చాలా చోట్ల. ఒకే మాట మూడుసార్లు వస్తోందని విసుగు పుట్టి "పలు చోట్ల", "అక్కడక్కడ" అని రాశామా, సూచనే మారిపోతుంది. పత్రికలో పనిచేసి వచ్చినవాళ్లకు ఇది కష్టం, ఎందుకంటే పర్యాయపదం వెతకడం చేతికి అలవాటైపోయి ఉంటుంది.

వర్షం తీవ్రతకూ అంతే. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల వరకు పడితే భారీ వర్షం, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ వర్షం, 204.5, ఆపైన అయితే అత్యంత భారీ వర్షం. అతి, అత్యంత పక్కపక్కన ఉంటే చెవికి తేడా తెలియదు. చదివేవాళ్లు తడబడతారు కూడా. అందుకే అత్యంత భారీ వర్షం రాసినప్పుడల్లా వెంటనే "అంటే ఒక్క రోజులో ఇరవై సెంటీమీటర్లకు మించి" అని తగిలించేవాళ్లం. అయిదు సెకన్లు ఎక్కువ పట్టినా వినేవాడికి విషయం అందుతుంది.

మిల్లీమీటర్లు, సెంటీమీటర్ల దగ్గర జాగ్రత్త. వాతావరణ శాఖ నమోదైన వర్షపాతాన్ని తరచు సెంటీమీటర్లలో ఇస్తుంది, రాష్ట్ర ప్రభుత్వ ఆటోమేటిక్ కేంద్రాల లెక్క మిల్లీమీటర్లలో ఉంటుంది. రెండు కాగితాలూ బల్లమీద పెట్టుకుని హడావుడిగా రాస్తే 12 సెంటీమీటర్లు 12 మిల్లీమీటర్లయి కూర్చుంటాయి. పదింతల తేడా. పైగా రెండూ వేర్వేరు పరికరాలు, వేర్వేరు చోట్లు. ఆ జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడిందన్న అంకె తెలంగాణ ప్రభుత్వ కేంద్రం నుంచి వచ్చినదే. ఇలాంటి అంకె రాసేటప్పుడు ఎవరి లెక్కో అదే వాక్యంలో చెప్పాలి, లేకపోతే మర్నాడు ఇంకో లెక్క చదివినప్పుడు మన మాట మనమే మార్చినట్టుంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో పనంతా ఎండే. "వడగాడ్పు" అన్న మాట వాడటానికి నియమం ఉంది. మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలుండాలి, సాధారణం (ఆ రోజుల్లో ఆ ఊళ్లో ఏళ్ల తరబడి ఉన్న సగటు) కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువుండాలి. తేడా 6.4 దాటితే తీవ్ర వడగాడ్పు. సాధారణంతో పనిలేకుండా 45 డిగ్రీలకు చేరితే వడగాడ్పే, 47కి చేరితే తీవ్ర వడగాడ్పే. తీరప్రాంతంలో 37 డిగ్రీలుండి, సాధారణం కంటే 4.5 పెరిగితే చాలు. దీనివల్ల వినేవాళ్లకు వింతగా తోచే పరిస్థితులు వస్తాయి. సాధారణం 40 ఉండే ఊళ్లో 44 నమోదైతే అది వడగాడ్పు కాదు. సాధారణం 34 ఉండే తీరంలో 38.6 వస్తే వడగాడ్పు. "మా ఊళ్లో ఇంత మండిపోతుంటే మా పేరే చెప్పలేదేం" అని ఫోన్లు వచ్చేవి. సమాధానం ఫోన్లో చెప్పి లాభం లేదని, జాబితా చదివాక "మిగతా జిల్లాల్లోనూ ఎండ తీవ్రంగానే ఉంటుంది" అన్న వాక్యం ఒకటి చేర్చడం మొదలుపెట్టాం. "సాధారణం కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ" అని మాత్రమే రాయడం వృథా. తన ఊరి సాధారణం ఎంతో ఎవరికీ గుర్తుండదు. నలభై ఒకటి నుంచి నలభై మూడు వరకు అని అంకె చెప్పాలి.

ఇక జిల్లాల పేర్లు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. అప్పటిదాకా "ఉభయ గోదావరి జిల్లాలు" అని రెండు మాటల్లో తేలిపోయేది. ఇప్పుడలా రాస్తే కాకినాడ, కోనసీమ, ఏలూరు బయట పడిపోతాయి. ఉమ్మడి అన్న మాట తగిలిద్దామంటే అధికారిక హెచ్చరిక కొత్త జిల్లాల వారీగా ఉంటుంది, అయిదింటిలో మూడింటికే ఉండొచ్చు. తిరుపతి జిల్లా ఇంకో చిక్కు. సూళ్లూరుపేట, నాయుడుపేట పాత నెల్లూరు నుంచి వచ్చినవి. అక్కడి వాన తీరప్రాంతపు వాన. రాయలసీమ అని రాసిన వాక్యం విని సూళ్లూరుపేట రైతు అది తనకు కాదనుకుంటాడు. అందుకే తిరుపతి జిల్లాను ప్రాంతం పేరు కింద కలపకుండా విడిగా చెప్పాలి.

పేర్లను బులెటిన్‌లో ఉన్న వరసలో కాకుండా శ్రీకాకుళం నుంచి కిందికి తీరం వెంబడి రాయాలి. వినేవాడు తన జిల్లా ఎప్పుడొస్తుందో ఊహించుకోగలుగుతాడు. వరస మార్చినప్పుడు ఒక పేరు జారిపోవడం మామూలు, కాబట్టి బులెటిన్‌లో ఎన్ని ఉన్నాయో, మన కాగితంలో ఎన్ని ఉన్నాయో వేళ్లమీద లెక్కపెట్టి ఎడిటర్‌కి ఇవ్వాలి. సగానికి మించి జిల్లాలకు ఒకే హెచ్చరిక ఉంటే, లేనివాటిని చెప్పడం తేలిక.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, అసలు ఇబ్బంది అదే. "ప్రకాశం, నెల్లూరు, తిరుపతి, కడప, అన్నమయ్య, చిత్తూరు జిల్లాల్లో ఒకటి రెండు చోట్ల అతి భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది" అన్నామనుకోండి. ప్రకాశంలో ఉన్నవాడు తన పేరు విన్నాడు గాని దేనికి పిలిచారో తెలిసేలోపు అయిదు జిల్లాలు దాటిపోయాయి. దాన్ని విరగ్గొట్టాలి: "అతి భారీ వర్షాల హెచ్చరిక. శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నర వరకు వర్తిస్తుంది. ఒకటి రెండు చోట్ల పన్నెండు నుంచి ఇరవై సెంటీమీటర్ల వాన పడొచ్చు. జిల్లాలు..." ఆ తర్వాత పేర్లు. కాగితంమీద మొరటుగా కనిపిస్తుంది, గాలిలో బాగుంటుంది. రాసింది ప్రతిసారీ పైకి చదువుకుని చూడాల్సిందే. మా దగ్గర చదివేవాళ్ల వేగం నిమిషానికి వంద పదాలకు కాస్త అటూ ఇటూ. నిమిషంన్నరలో నూటనలభై పదాలకు మించి రాస్తే గుక్క తిప్పుకోవడానికి చోటుండదు.

కాగితం విషయంలోనూ పద్ధతులున్నాయి. పెద్ద అక్షరం, వరసల మధ్య ఎడం, ఒకవైపే ప్రింటు. వాక్యం ఒక పేజీలో మొదలై ఇంకో పేజీలో ముగియకూడదు. అంకెలు అక్షరాల్లో రాయాలి. "40-50" అని ఉంటే ఒకరు "నలభై నుంచి యాభై" అంటారు, ఇంకొకరు "నలభై యాభై" అంటారు. పైన మూలన బులెటిన్ వెలువడిన సమయం రాయాలి. ఇది గాలిలోకి వెళ్లదు గాని, కొత్తది వచ్చినప్పుడు పాత కాగితాన్ని గుర్తుపట్టడానికి ఇదొక్కటే ఆధారం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం ఉంటుంది కదా అని మత్స్యకారుల హెచ్చరిక తీసేయకూడదు. నిషేధం మర పడవలకు. ఇంజను లేని నాటు పడవలు వెళ్తూనే ఉంటాయి. మిగతా నెలల్లో నేనైతే దాన్ని చివర్నుంచి ముందుకు తెచ్చేవాణ్ని. సముద్రం లోపలికి వెళ్లినవాళ్లు ఎప్పటికి ఒడ్డుకు చేరాలో రోజు, పూటతో చెప్పాలి. ఓడలకిచ్చే బులెటిన్లలో గాలి వేగం నాట్లలో ఉంటుంది. 1 నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. 45 నాట్లను 45 కిలోమీటర్లని రాస్తే దాదాపు 83 కిలోమీటర్ల గాలి సగానికి పడిపోతుంది.

పిడుగుల హెచ్చరికలతో రోజూ తలనొప్పే. మూడు గంటలకు మాత్రమే చెల్లే తక్షణ సూచనలవి. నాలుగింటికి వచ్చినది ఆరున్నర బులెటిన్‌కి దాదాపు చచ్చిపోయి ఉంటుంది. ఇంకా అరగంట మిగిలి ఉంటే "ఏడు గంటల వరకు" అని రాసేవాళ్లం, లేకపోతే తీసేసి కొత్తదానికోసం ఎదురుచూసేవాళ్లం. ప్రసారానికి పది నిమిషాల ముందు వచ్చిందంటే పాత పేర్లమీద గీత కొట్టి పెన్నుతో రాసి స్టూడియోకి పరిగెత్తడమే.

రుతుపవనాలు ఆ ఏడాది కేరళను జూన్ 8న తాకాయి, వారం ఆలస్యం. ఆ వారమంతా ఫోన్లలో ఒకటే ప్రశ్న. వానలు మొదలయ్యాక పని గాడిన పడిందనుకుంటే, ఆగస్టు పూర్తిగా ఎండగట్టింది. దేశం మొత్తానికి 1901 నుంచి చూస్తే అంత పొడి ఆగస్టు లేదు. రోజూ అదే "ఒకటి రెండు చోట్ల తేలికపాటి జల్లులు". ఒక్క పదం మార్చడానికి లేదు. నాట్లు వేసి ఆకాశం వైపు చూస్తున్నవాళ్లకు ఈ వాక్యం చదివి వినిపించడం ఎంత నీరసంగా ఉండేదో. అయినా దానికి ఆశ కలిపే హక్కు మనకు లేదు. "త్వరలో వర్షాలు పుంజుకునే సూచనలున్నాయి" అన్న మాట బులెటిన్‌లో ఉంటేనే రాయాలి.

డిసెంబరు వచ్చింది. తుపాను రోజుల్లో రాసే పద్ధతే వేరు. వాయుగుండంగా ఉన్నప్పుడు రోజుకు అయిదారు బులెటిన్లు, తుపానుగా మారాక మూడు గంటలకొకటి, తీరం దగ్గరపడ్డాక గంటకొకటి వస్తాయి. పేరుతోనే మొదటి గొడవ. మయన్మార్ ఇచ్చిన పేరును ఇంగ్లీషు అక్షరాల్లో చూసి ఒకరు మిచౌంగ్ అంటే, ఒకరు మైచాంగ్ అన్నారు. తుపాను పేర్ల జాబితాలో ఎలా పలకాలో కూడా ఉంటుంది, అందులో చూసి మిగ్‌జాం అని ఖాయం చేసుకున్నాం. పేరు ఒక డ్యూటీలో ఒకలా, ఇంకో డ్యూటీలో ఇంకోలా వెళ్తే రెండు తుపానులనుకునేవాళ్లుంటారు.

అది 3న తుపాను, 4న తీవ్ర తుపాను అయింది. తీరానికి దగ్గరగా, దాదాపు సమాంతరంగా ఉత్తరానికి కదిలింది. బులెటిన్‌లో దూరాలు చెన్నై, పుదుచ్చేరి, నెల్లూరు, బాపట్ల, మచిలీపట్నం నుంచి విడివిడిగా ఉంటాయి. అన్నీ చదివితే ఎవరికీ ఏదీ గుర్తుండదు. మా శ్రోతలకు రెండు చాలు, తుపానుకు దగ్గర్లో ఉన్న ఊరొకటి, అది వెళ్లబోయే ఊరొకటి. స్టూడియో తలుపు దగ్గర ఎడిటర్ గారు ప్రతిసారీ ఒకటే అడిగేవారు: "ఎప్పటి పొజిషనండీ ఇది?" "పదకొండున్నరది సార్." "రాయండి మరి." ఒంటిగంట దాటాక వచ్చే బులెటిన్‌లో ఉండేది పదకొండున్నర నాటి స్థానం, మనం చదివేది రెండింటికి. "పదకొండున్నరకు నెల్లూరుకు ఇన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది" అని గంటతో సహా చెప్పకపోతే, ఆ దూరం ఇంకా అలాగే ఉందనుకుంటారు.

అన్నిటికంటే ప్రమాదం రెండు వేగాలు. తుపాను కదిలే వేగం గంటకు పది పన్నెండు కిలోమీటర్లు ఉండొచ్చు, దానిలోని గాలి వేగం 90 నుంచి 100, ఒక్కోసారి 110. ఒకే వాక్యంలో రెండూ వస్తే సైకిలంత వేగంతో వచ్చే తుపాను ఏం చేస్తుందిలే అనుకుంటారు. ముందు గాలి, మధ్యలో వేరే వాక్యం, తర్వాత కదలిక. ఈ వరస తప్పకూడదు.

ఓడరేవు సంకేతాలు మరో ఉచ్చు. అంకె పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుందని అందరూ అనుకుంటారు. 5, 6, 7 సంకేతాల మధ్య తేడా తీవ్రతది కాదు, తుపాను రేవును ఏ పక్కన ఉంచుకుని పోతుందన్నది. రేవు ఎడమవైపుంటే 5, కుడివైపుంటే 6, రేవు మీదుగా లేదా బాగా దగ్గరగా పోతే 7. తీవ్ర తుపానుకు అదే పద్ధతిలో 8, 9, 10. పదకొండు అంటే సమాచార సంబంధాలు తెగిపోయాయని. ఒక రేవులో 9, పక్క రేవులో 8 ఉంటే రెండోది కాస్త నయమని కాదు. రేడియోలో అంకెలు చదివి వదిలేయకుండా "రెండుచోట్లా పెను ప్రమాద సూచికే" అని చెప్పాలి.

ఉప్పెన గురించి రాసేటప్పుడు చెయ్యి ఆగుతుంది. 1977 నవంబరు 19 దివిసీమను చూసినవాళ్లు ఇంకా ఉన్నారు, ఆ మాట ఒక్కటే వినిపిస్తే మిగతాది చెవికెక్కదు. అలాగని దాచనూ కూడదు. మామూలు పోటు కంటే మీటరు నుంచి మీటరున్నర ఎక్కువ ఎత్తున నీళ్లు రావచ్చు, లోతట్టు ప్రాంతాలు మునగవచ్చు అని కొలతతో రాశాం.

డిసెంబరు 5న మధ్యాహ్నం పన్నెండున్నర, రెండున్నర మధ్య మిగ్‌జాం బాపట్లకు దక్షిణంగా తీరం దాటింది. "తీరం దాటింది" అన్నాక చాలామంది రేడియో కట్టేస్తారు, అయిపోయిందనుకుని. కాబట్టి ఆ వార్తకంటే ముందే "గాలులు, వర్షాలు ఇంకా కొనసాగుతాయి, బయటికి రావద్దు" అన్న వాక్యం పెట్టాం. వరి కోతలు సగంలో ఉన్నాయి, చాలా పొలాల్లో పనలు నేలమీదే ఉన్నాయి. ఆ రెండు రోజులూ రైతులు అడిగిందొక్కటే, వాన ఎప్పుడు తెరిపిస్తుందని. పూటల వారీగా అంత కచ్చితంగా బులెటిన్ చెప్పదు, మనం అల్లి చెప్పకూడదు.

ఖర్చు సంగతి. డ్యూటీకి ఇంత అని లెక్క. బిల్లు నెలాఖరున పెడితే డబ్బులు రెండు నెలలకు పడ్డాయి. రాత్రి బులెటిన్ అయ్యాక బస్సులుండవు, ఆటోకి నూటయాభై, వాన రోజైతే రెండొందలు, అది మన జేబులోంచే. తుపాను రోజుల్లో బదులు మనిషి రాలేకపోతే మరో డ్యూటీ కూడా మనమే చేయాలి. సంచీలో మందులు, బిస్కెట్లు, ఛార్జరు, పొడి బట్టలు ఉంచుకోండి.

తుపాను వెళ్లాక పొగమంచు స్క్రిప్టులు వచ్చాయి. ఇవి చిన్నవి గాని, దృగ్గోచరత అన్న మాట రాయొద్దు. "రెండు వందల మీటర్లకు మించి కనిపించదు" అంటే లారీ డ్రైవరుకు అర్థమవుతుంది. దట్టమైన పొగమంచు అనడానికి హద్దు కూడా అదే. యాభై మీటర్లు కూడా కనిపించకపోతే అతి దట్టమైనది. ఇది తెల్లవారుజాము ప్రయాణాలకు సంబంధించింది కాబట్టి రాత్రి బులెటిన్‌లోనే వెళ్లాలి. పొద్దున్న ఏడింటికి చదివేసరికి బండ్లు అప్పటికే రోడ్డుమీద ఉంటాయి.